‘నేరం ఒప్పుకున్నాడు’: పెట్టీ కేసుల్లో న్యాయం

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ చేరామో ఆ సీనియర్‌గారు ప్రాక్టీసంతా మెజిస్ట్రేటు కోర్టుల్లోనే చేశారు. పెద్ద దావాలు ఆయనకు రాకపోలేదు. అయినా పదిన్నరకు కోర్టు మొదలయ్యే ముందు ఆయన కోసం వెతికితే వరండాలో కనిపించేవారు. పెట్టీ కేసుల వాళ్లను కోర్టు కానిస్టేబులు అక్కడే వరసగా నిలబెట్టేవాడు. వాళ్లెవరూ ఆయన క్లయింట్లు కారు. వకాలతు లేదు, ఫీజు లేదు. ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, “ఏమయ్యా, నీ మీద ఏం రాశారో ఎవరైనా చదివి వినిపించారా?” అని అడిగేవారు. చాలామంది తల అడ్డంగా ఊపేవారు. అప్పుడు కానిస్టేబులు చేతిలో కాగితం అడిగి తీసుకుని, అందులో ఉన్నది మామూలు మాటల్లో చెప్పి, “ఇది నిజమైతే ఒప్పుకో. కాకపోతే కాదని చెప్పు. భయపడకు” అనేవారు. ఆయన దగ్గర జూనియర్లుగా చేరిన మా అందరికీ మొదట దొరికిన పాఠం అదే.

ఆ వరండాలో నిలబడ్డ మనుషుల గురించే ఈ రోజు మాట్లాడతాను. తాగి వీధిలో గోల చేశాడని, బస్టాండులో బూతులు తిట్టాడని, నడిబజారులో కొట్లాటకు దిగాడని పట్టుకొచ్చిన మనిషి కేసు మన స్థానిక కోర్టుల్లో ఎలా ముగుస్తోంది, ఎలా ముగియాలి అన్నది నా అంశం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ కేసుల్లో నూటికి ఎక్కువపాళ్లు సాక్షులు రారు, వాదనలు జరగవు. తీర్పు మొత్తం ‘నేరం ఒప్పుకున్నాడు’ అనే ఒక్క వాక్యం మీద నిలబడుతుంది. ఆ వాక్యం నిజంగా ఆ మనిషి నోటి నుంచే వచ్చిందా అని చూడవలసిన బాధ్యత జడ్జికీ ఉంది, ప్రాసిక్యూటరుకూ ఉంది, మనకూ ఉంది.

ఏ చట్టం కింద

మన చట్టాల్లో ‘అల్లరి ప్రవర్తన’ పేరుతో ఒకే ఒక్క నేరం లేదు. చాలా చట్టాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 510వ సెక్షను తాగి బహిరంగ ప్రదేశంలో ఇతరులకు చీకాకు కలిగించడాన్ని నేరంగా పెట్టింది. శిక్ష 24 గంటల దాకా సాధారణ ఖైదు, లేదా పది రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 290వ సెక్షను ప్రజలకు ఇబ్బంది కలిగించే పనులకు 200 రూపాయల దాకా జరిమానా వేసింది. ఇద్దరో అంతకంటే ఎక్కువమందో బహిరంగంగా కొట్లాడుకుని శాంతికి భంగం కలిగిస్తే 160వ సెక్షను. అసభ్యపు చేష్టలకు, మాటలకు 294వ సెక్షను.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 510 ఇప్పుడు 355 అయింది. పది రూపాయల జరిమానా వెయ్యికి పెరిగింది. 290 ఇప్పుడు 292, దాని జరిమానా కూడా వెయ్యి దాకా. కొట్లాట 194, అసభ్య చేష్టలు 296. వీటికి తోడు మన ప్రాంతాల చరిత్ర మనకు ఇచ్చిన స్థానిక చట్టాలున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో 1889లో వచ్చిన పట్టణ న్యూసెన్స్ చట్టం ఒకటి. నిజాం రాజ్యంలో 1348 ఫసలీలో, అంటే 1930ల చివర్లో వచ్చిన హైదరాబాద్ నగర పోలీసు చట్టం మరొకటి. రాజ్యాలు పోయాయి, రాష్ట్రాలు మారాయి, ఈ చట్టాల కింద పెట్టీ కేసులు మాత్రం రాస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. 355, 292 సెక్షన్ల కింది నేరాలు నాన్ కాగ్నిజబుల్. అంటే వారంటు లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు, మెజిస్ట్రేటు ఆదేశం లేకుండా దర్యాప్తు చేయడానికి వీల్లేదు. 194, 296 అలా కాదు. కాబట్టి ఒకే రాత్రి, ఒకే వీధి, ఒకే గొడవ. కాగితం మీద ఏ సెక్షను రాశారన్న దాన్ని బట్టి ఆ మనిషిని పట్టుకెళ్లే అధికారం ఉందా లేదా అన్నది తేలుతుంది. ఈ తేడా చూడవలసిన మొదటి కన్ను మెజిస్ట్రేటుది. చూపించవలసిన మొదటి వేలు ప్లీడరుది. నిందితుడి పక్కన ప్లీడరే లేకపోతే ఆ వేలు ఎవరు చూపిస్తారు?

వరండా నుంచి బోను దాకా

ఒక మామూలు ఉదయం ఎలా సాగుతుందో చూద్దాం. హోటల్లో సర్వరుగా పనిచేసే మనిషి. రాత్రి పదకొండున్నరకు పని ముగించుకుని గదికి వెళ్తుంటే సందు మొగలో ఇద్దరు కొట్టుకుంటున్నారు. విడదీయడానికి మధ్యలోకి వెళ్లాడు. పెట్రోలింగ్ జీపు వచ్చింది. ముగ్గురినీ ఎక్కించారు. స్టేషన్లో పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకున్నారు, ట్యాబులో ఫొటో తీశారు, ఆధార్ జిరాక్సు తీసుకున్నారు, ఫలానా రోజు కోర్టుకు రమ్మని పంపించారు. ఆ రోజు వచ్చింది. కానిస్టేబులు మంచివాడే. “ఒప్పుకుంటే ఐదొందలో వెయ్యో ఫైను, పది నిమిషాల్లో ఇంటికెళ్లిపోతావు. ఒప్పుకోకపోతే వాయిదాలు తిరగాలి, నీ ఇష్టం” అన్నాడు. అది బెదిరింపు కాదు, అతనికి తెలిసిన నిజం.

పేరు పిలిచారు. బోనులో నిలబడ్డాడు. “తాగి గొడవ చేశావట, ఒప్పుకుంటావా?” అని అడిగారు. “గొడవ ఆపడానికెళ్లానండీ. సరే, తప్పయిపోయింది. ఎంతో చెప్పండి, కట్టేస్తాను” అన్నాడు. బెంచి క్లర్కు ముందు అచ్చు వేసిన ఫారం ఉంది. అందులో ఖాళీ పూరించారు: నేరం ఒప్పుకున్నాడు. జరిమానా కట్టాడు, రసీదు తీసుకున్నాడు, డ్యూటీకి వెళ్లిపోయాడు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ లంచం తీసుకోలేదు, ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. అయినా గొడవ ఆపడానికి వెళ్లానని చెప్పిన మనిషి గొడవ చేసినవాడిగా రికార్డుకెక్కాడు.

లోక్ అదాలత్ రోజుల్లో ఇలాంటివి గుట్టలుగా ముగుస్తాయి. పేరు లోక్ అదాలత్‌దే గాని అక్కడ రాజీ ఏమీ జరగదు. 355, 292, 194 సెక్షన్లు రాజీకి వీలున్న నేరాల పట్టికలో లేవు. రాజీకి వీల్లేని నేరాల మీద లోక్ అదాలత్‌కు అధికారం లేదని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది. అందుకని ఆ రోజు మెజిస్ట్రేటు ముందు ఒప్పుకోలు, జరిమానా జరుగుతాయి. సాయంత్రానికి పరిష్కారమైన కేసుల లెక్కలో చేరతాయి. పెండింగు తగ్గాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది. హత్య కేసులు, భూమి తగాదాలు ఏళ్లతరబడి ఆగిపోయిన కోర్టులో పెట్టీ కేసుకు గంట సమయం ఎక్కడుంటుంది? కాని గంట అక్కర్లేదు. చట్టం అడిగింది గంట కాదు.

చట్టం ఏం అడిగింది

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 274, 275 సెక్షన్లు చదవండి. పాత నేర విచారణ స్మృతిలో ఇవి 251, 252. సమన్లు కేసులో నిందితుడు హాజరైనప్పుడు అతని మీద ఉన్న ఆరోపణ సారాంశం అతనికి చెప్పాలి. నేరం ఒప్పుకుంటావా, సంజాయిషీ ఏమైనా ఉందా అని అడగాలి. ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును వీలైనంత మేరకు అతను వాడిన మాటల్లోనే రాయాలి. ఆ తరువాత మెజిస్ట్రేటు తన విచక్షణ మేరకు శిక్షించవచ్చు. శిక్షించి తీరాలని లేదు. విచక్షణ మేరకు.

మన సర్వరు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి ఉంటే? ‘గొడవ ఆపడానికి వెళ్లాను’ అన్న వాక్యం కాగితం మీద ఉండగా దాని కింద ‘శిక్షార్హుడు’ అని రాయడానికి ఏ జడ్జి చేతికైనా కలం సాగదు. ఆ సెక్షను రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఫారంలో ఖాళీ పూరించడానికీ, మనిషి మాట రాయడానికీ మధ్య ఉన్న తేడా మీదే ఆ సెక్షను నిలబడింది.

ఇది సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చిన విషయం. 1966 ఏఐఆర్ సంపుటంలో అచ్చయిన మహంత్ కౌశల్యా దాస్ కేసు మద్రాసు మద్యనిషేధ చట్టం కింద వచ్చింది. ఒప్పుకోలును నిందితుడి మాటల్లో రాయలేదు. అలా రాయడం ఉత్త లాంఛనం కాదని, న్యాయం సవ్యంగా జరగడానికి అవసరమైన నియమమని కోర్టు చెప్పింది. అది పాటించకుండా వేసిన శిక్ష చెల్లదంది. 1980లో కాసంభాయ్ కేసు ఆహార కల్తీకి సంబంధించింది. శిక్ష తక్కువ వేస్తామని ఆశ చూపి ఒప్పించడం రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు అంది. దీర్ఘకాలం విచారణ పాలవడం కన్నా తేలికపాటి శిక్షతో బయటపడదామని ఏ తప్పూ చేయనివాడు కూడా ఒప్పేసుకునే ప్రమాదం ఉందని హెచ్చరించింది. ఆ హెచ్చరిక మన వరండాను చూసి చేసినట్టే ఉంటుంది.

ఇంకో పోలిక చూడండి. 2006 నుంచి మన చట్టంలో ప్లీ బార్గెయినింగ్, అంటే శిక్ష గురించి మాట్లాడుకుని నేరం ఒప్పుకునే పద్ధతి, ఉంది. పెట్టీ కేసులకంటే పెద్ద నేరాలకు, ఏడేళ్ల దాకా శిక్ష పడే వాటికి కూడా అది వర్తిస్తుంది. అక్కడ నిందితుడు దరఖాస్తు పెట్టుకుంటే, అవతలి పక్షం ఎవరూ లేకుండా జడ్జి అతనితో విడిగా మాట్లాడాలి. ఇష్టపూర్వకంగానే వచ్చాడా, ఎవరైనా ఒత్తిడి పెట్టారా అని తెలుసుకోవాలి. పెద్ద నేరం చేసినవాడి ఒప్పుకోలుకు చట్టం ఇంత కాపలా పెట్టింది. పెట్టీ కేసువాడి ఒప్పుకోలుకు మాత్రం కానిస్టేబులు పక్కనే నిలబడి ఉంటాడు.

కొత్త చట్టం ఒక మంచి పని చేసింది, అది మనలో చాలామంది ఇంకా గమనించలేదు. 274వ సెక్షనుకు ఒక షరతు చేర్చారు. ఆరోపణకు ఆధారం లేదని మెజిస్ట్రేటు భావిస్తే, కారణాలు రాసి నిందితుణ్ని అప్పటికప్పుడే విడుదల చేయాలి. ఆ విడుదల డిశ్చార్జితో సమానం. సమన్లు కేసుల్లో ఇలాంటి వెసులుబాటు ఇంతకు ముందు స్పష్టంగా లేదు. దాన్ని వాడుకోవాలని అడిగేవాళ్లు కావాలి.

సర్వసాధారణమైన మనిషి పట్టించుకోనంత స్వల్పమైన హాని నేరమే కాదని న్యాయ సంహితలో 33వ సెక్షను ఉంది. పాత 95. జరిమానా మాత్రమే పడే నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు స్వీకరించకూడదని కాలపరిమితి ఉంది. ఇవన్నీ పుస్తకంలో ఉన్న తలుపులు. పేరు పిలిచిన అర నిమిషంలో వాటి దాకా నిందితుడు నడవలేడు. ఎవరైనా చేయి పట్టుకుని నడిపించాలి.

ఇరవై రూపాయల జరిమానా

“వెయ్యి రూపాయల ఫైనుకు ఇంత ఉపన్యాసమా?” అని ఎవరికైనా అనిపించవచ్చు. వారికి నేను పవన్ కుమార్ వర్సెస్ హర్యానా రాష్ట్రం అనే కేసు గుర్తు చేస్తాను. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మనిషి ప్రభుత్వంలో చిన్న ఉద్యోగి. 294 కింద ఒక కేసులో సంక్షిప్త విచారణలో నేరం ఒప్పుకున్నాడు. జరిమానా ఇరవై రూపాయలు. కట్టేశాడు, మరిచిపోయి ఉంటాడు. తరువాత పూర్వాపరాల విచారణలో ఆ శిక్ష బయటపడింది. ఉద్యోగం పోయింది. ఇరవై రూపాయల రసీదు ఒక కుటుంబం అన్నం కంచం మీదకు వచ్చింది.

కేసు కింది కోర్టుల నుంచి ఢిల్లీ దాకా వెళ్లింది. సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్నలు మన ఫారం నింపే అలవాటును గుచ్చి అడిగినవి. 294 కింద నేరం రుజువు కావాలంటే అసభ్యంగా ప్రవర్తించడం ఒక్కటే చాలదు, దానివల్ల ఇతరులకు చీకాకు కలగాలి. ఆ వివరాలేవీ కనబడని ఒప్పుకోలు మీద నైతిక పతనం ముద్ర ఎలా వేస్తారు? విచారణ బాధ తప్పించుకోవడానికి వేలమంది రోజూ ఇలా ఒప్పేసుకుంటారని కోర్టు గుర్తించింది. ఒక స్వల్ప నేరంలో సంక్షిప్త శిక్షతో మనిషి భవిష్యత్తు మొత్తానికి తలుపు మూసేయడం తగదంది. అతని పక్షాన తీర్పు చెప్పింది. స్వల్ప జరిమానాతో ముగిసిన కేసులను ప్రభుత్వోద్యోగానికి అనర్హతగా చూడకుండా చట్టం చేయడం గురించి ఆలోచించమని పార్లమెంటుకు సూచించింది కూడా. 2016లో అవతార్ సింగ్ కేసులో, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప కేసును దాచిపెట్టినా యజమాని విచక్షణతో క్షమించవచ్చని మళ్లీ చెప్పింది. ఇవి మంచి తీర్పులు. కాని సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగినవాడికి దక్కిన తీర్పులు. మన సర్వరు అక్కడి దాకా వెళ్లడు. కానిస్టేబులు ఉద్యోగానికో రైల్వే ఉద్యోగానికో పెట్టుకున్న దరఖాస్తులో ‘మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా’ అన్న గడి దగ్గర అతని కలం ఆగిపోతుంది.

విదేశాలకు వెళ్లే మన పిల్లల సంగతి ఇంకా చిత్రం. పాస్‌పోర్టుల చట్టం ప్రకారం క్రిమినల్ కేసు కోర్టులో పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు, లేదా ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. శిక్ష పడినవాడి విషయంలో మాత్రం గత ఐదేళ్లలో, నైతిక పతనంతో కూడిన నేరానికి, రెండేళ్లకు తగ్గని శిక్ష పడి ఉంటేనే అడ్డంకి. అంటే పెట్టీ కేసులో పోరాడే మనిషికి దారి మూసి ఉంటుంది, ఒప్పుకున్నవాడికి తెరిచి ఉంటుంది. గల్ఫ్‌కు బయలుదేరిన జగిత్యాల కుర్రాడో కడప కుర్రాడో ఏం చేస్తాడు? ఒప్పేసుకుంటాడు. అమెరికా చదువుకు వెళ్లేవాళ్లదీ అంతే. కాని ఆ వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఒప్పుకోలు అక్కడా వెంట వస్తుంది.

ఇంకో చేదు నిజం. జైలు శిక్ష పడినవాడికి తీర్పు నకలు ఉచితంగా అప్పటికప్పుడు ఇవ్వాలని చట్టం చెబుతుంది. జరిమానాతో పోయినవాడికి ఆ హక్కు లేదు, దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి తన మీద ఏ సెక్షను కింద ఏం రాశారో తెలియకుండానే ఇంటికి వెళ్తాడు. ఒప్పుకున్నవాడికి శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న అంశాల మీద తప్ప అప్పీలు కూడా లేదు. అర నిమిషంలో పడిన ముద్ర చెరపడానికి ఏళ్లు పడుతుంది.

చిన్న కేసును పెద్దగా చూసిన రోజు ఏమవుతుందో చెప్పడానికి మన దేశం బయటి ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరం. లిబర్టీ ఎండ్ కెఫే అనే చిన్న హోటల్లో థాంప్సన్ అనే మనిషి బస్సు కోసం ఎదురుచూస్తూ పాటకు పాదాలు కదుపుతున్నాడు. హోటలు మేనేజరుకు అభ్యంతరం లేదు. పోలీసులు వచ్చి ఊరికే తచ్చాడుతున్నాడని పట్టుకున్నారు. “ఎందుకు పట్టుకున్నారు?” అని వాదించినందుకు అల్లరి ప్రవర్తన అని ఇంకో కేసు కలిపారు. నగర పోలీసు కోర్టు రెండింటికీ చెరి పది డాలర్ల జరిమానా వేసింది. జరిమానా అంత తక్కువ కాబట్టి ఆ రాష్ట్రంలో అప్పీలుకు అవకాశమే లేదు. ఆ కారణంగానే అతని కేసు నేరుగా దేశ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1960లో జస్టిస్ హ్యూగో బ్లాక్ తీర్పు రాశారు. రికార్డంతా వెతికినా నేరానికి ఒక్క సాక్ష్యం లేదని, సాక్ష్యమే లేకుండా శిక్షించడం రాజ్యాంగ విరుద్ధమని ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఇరవై డాలర్ల కేసు. దేశపు అత్యున్నత న్యాయమూర్తులు దాన్ని మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివారు. వాళ్లు చదవగలిగారు గనక మనం చదవలేమని అనడానికి లేదు.

అవతలి మనిషి

ఇంతసేపూ నిందితుడి గురించే మాట్లాడాను. అల్లరి వల్ల నలిగిన మనిషి గురించి మాట్లాడకపోతే నా మాట సగమే అవుతుంది. బస్టాపులో నిలబడితే మీద పడే కూతలు, రాత్రుళ్లు ఇంటి ముందు సీసాలు పగలగొట్టే గుంపు, ఆసుపత్రి గేటు దగ్గర తాగి పడి తిట్టే మనిషి. ఇవి భరించేవాళ్లకు చిన్న విషయాలు కావు. 2014లో హైదరాబాదులో ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీములు మొదలైనప్పుడు ఆడపిల్లల్లో కలిగిన ధైర్యం నిజమైనది. పెట్టీ కేసు అన్నది ఆ ధైర్యానికి ఆసరా.

కాని ఇప్పటి పద్ధతిలో బస్టాపులో ఆ కూతలు భరించిన అమ్మాయికీ ఏమీ దక్కడం లేదు. కేసు ముగిసిందని ఆమెకు తెలియదు. కోర్టులో ఆమె మాట వినరు. అల్లరి చేసినవాడు వెయ్యి కట్టి మళ్లీ అదే బస్టాపుకు వస్తాడు. నిజంగా తప్పు చేసినవాడూ చేయనివాడూ ఒకే ఫారంలో, ఒకే వాక్యంతో, ఒకే మొత్తంతో బయటపడితే కోర్టు ఇద్దరిలో ఎవరినీ చూడనట్టే. ఆరోపణ వివరంగా చదివి, జవాబు వివరంగా రాసుకునే కోర్టులోనే వేధించినవాడికి తాను ఏం చేశాడో తెలుస్తుంది. జరిమానా సొమ్ములోంచి బాధితులకు పరిహారం ఇప్పించే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది. అది పెట్టీ కేసుల్లో వాడకూడదని ఎక్కడా లేదు.

కొత్త శిక్ష, పాత దారి

న్యాయ సంహిత తెచ్చిన కొత్త శిక్ష సమాజ సేవ. తాగి అల్లరి చేసిన కేసుల్లో, అంటే 355 కింద, ఇది వేయవచ్చు. ప్రజలకు మేలు చేసే పని, జీతం లేకుండా చేయించడం అని సురక్షా సంహిత 23వ సెక్షను నిర్వచించింది. నేను దీన్ని స్వాగతిస్తున్నాను. రోజు కూలి మీద బతికేవాడికి వెయ్యి రూపాయలు రెండు రోజుల తిండి. జీతగాడికి అది ఒక సాయంత్రం ఖర్చు. పని అయితే ఇద్దరికీ ఒకటే బరువు. కాని మెజిస్ట్రేట్లకు నా విన్నపం ఒకటుంది. ఈ శిక్ష ఊరేగింపు కాకూడదు. మెడలో పలకలు, కూడలిలో ఫొటోలు, మైకులో పేర్లు, ఇవి చట్టంలో లేవు. ఎన్ని గంటలు, ఏ చోట, ఎవరి పర్యవేక్షణలో అన్నది ఉత్తర్వులోనే స్పష్టంగా ఉండాలి. పనిచేసే చోట మనిషి పరువు మిగలాలి.

సమాజ సేవ కూడా శిక్షే, అంటే దోషి అన్న ముద్ర ఉండనే ఉంటుంది. ఆ ముద్ర నీడ తగ్గించే దారి కొత్తది కాదు, 1958 నుంచి ఉంది. నేరస్థుల ప్రొబేషన్ చట్టం మూడో సెక్షను ప్రకారం, మునుపు శిక్ష పడని మనిషి రెండేళ్లకు మించని శిక్ష పడే నేరం చేస్తే మందలించి వదిలేయవచ్చు. పన్నెండో సెక్షను ప్రకారం అలా వదిలేసినవాడికి ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు వర్తించవు. మన పెట్టీ కేసులన్నీ ఈ హద్దులోనివే. మొదటిసారి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లాడికి ఐదొందలు జరిమానా వేయడం దయ అనుకుంటాం. మూడో సెక్షను కింద మందలించి పంపడమే అసలు దయ, చట్టబద్ధమైన దయ. ఆ సెక్షను పేరు ఎత్తడానికి మాత్రం పక్కన ఒక న్యాయవాది ఉండాలి.

మనం చేయగలిగినవి

ఇందులో చాలా భాగం ఢిల్లీ వైపు చూడకుండా, ఈ ఆవరణలోనే, ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

మొదటిది బార్ చేయవలసింది. పెట్టీ కేసులు పిలిచే వేళ న్యాయసేవాధికార సంస్థ తరపున ఒక న్యాయవాది వరండాలో ఉండాలి. అడిగినవాడికే సహాయం అన్న నియమం 1986లో సుక్ దాస్ తీర్పుతోనే పోయింది. ఉచిత న్యాయసహాయం అడగకపోయినా, ఆ హక్కు ఉందని చెప్పకుండా విచారించి వేసిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది. తన హక్కు తెలియని మనిషి దాన్ని అడగలేడు కదా. జూనియర్లు వంతులవారీగా రోజుకొకరు నిలబడితే చాలు. కేసు నేర్చుకోవడానికి కూడా ఇంతకంటే మంచి బడి లేదు.

రెండోది న్యాయమూర్తులకు విన్నపం. అచ్చు ఫారంలో ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న వాక్యం ముందే వేసి ఉంచవద్దు. అక్కడ నాలుగు గీతలు ఖాళీ ఉంచండి. ఆరోపణను మామూలు తెలుగులో, ఉర్దూ మాట్లాడేవారికి ఉర్దూలో, ఒడియానో హిందీయో మాట్లాడే వలస కూలీకి అతని భాషలో చెప్పించండి. అతను చెప్పిన మాటలు ఆ గీతల్లో రాయించండి. కేసుకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ రెండు నిమిషాలు చట్టం ఎప్పుడో అతనికి రాసిచ్చినవి.

మూడోది ప్రాసిక్యూషన్ సోదరులకు. సెక్షను తప్పు అయితే, కాలపరిమితి దాటితే, ఆధారం లేకపోతే ఆ మాట మీ నోటి నుంచే రావాలి. ప్రాసిక్యూటరు కోర్టు అధికారి, పోలీసు స్టేషను గుమస్తా కాదు.

నాలుగోది, జరిమానా కట్టిన ప్రతి మనిషి చేతికీ రసీదుతో పాటు ఒక కాగితం ఇవ్వాలి: ఏ సెక్షను, ఏ ఆరోపణ, ఏ ఉత్తర్వు. రేపు ఎక్కడ అడిగినా చూపించుకుంటాడు, దాచుకోవలసిన అవసరం రాదు.

అయిదోది మాత్రం ఢిల్లీకే. 1996లో సుప్రీంకోర్టు చేసిన సూచనను మన బార్ కౌన్సిళ్లు మళ్లీ ఎత్తుకోవాలి. మొదటిసారి పెట్టీ కేసులో జరిమానాతో పోయిన మనిషి ఉద్యోగానికీ చదువుకూ అది అడ్డు కారాదని చట్టంలో రాయించాలి.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు జడ్జీలవుతారు. ప్రజల్లో చాలామంది జీవితంలో ఒక్కసారే కోర్టు మెట్లెక్కుతారు, అదీ ఇలాంటి కేసులోనే. హైకోర్టు భవనం వాళ్లు చూడరు, రాజ్యాంగ ధర్మాసనం వాళ్లకు తెలియదు. వాళ్లకు తెలిసిన న్యాయవ్యవస్థ అంతా ఆ బోను, ఆ అర నిమిషం. అక్కడ తమ మాట విన్నారన్న నమ్మకం కలిగితే వాళ్లు జీవితాంతం చట్టాన్ని గౌరవిస్తారు. తప్పు నిజంగా చేసినవాడు కూడా తలవంచి శిక్ష ఒప్పుకుంటాడు. మన సీనియర్‌గారి పేరిట ఏటా ఉపన్యాసం పెట్టుకోవడం మంచిదే. ఆయన పేరిట రోజూ ఒక జూనియర్ పదిన్నరకు ముందే వచ్చి, “నీ మీద ఏం రాశారో చదివి వినిపించారా?” అని అడగడం అంతకంటే మంచిది. ఆ పేర్ల జాబితా ఈ సభ ముగిశాక ఇక్కడే రాద్దాం. మొదటి సోమవారానికి నా పేరు రాయండి.